తాబేటి పిల్లకు మేత



ఆవునకు కుడితి, ఎద్దునకు ఉలవలు, కోడికి నూకలు. ఈ మేతలను గూర్చి నేను మీకు చెప్పవలసినది లేదు. మీరే నాకు బోధింపగలవారు. నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము తాబేటి పిల్ల మేత. ఇది విన్నంతనే కొందరు పెద్దలు చిరునవ్వు నవ్వుదురని యెరుగుదును. తాబేటిని పెంచువారెవరు, దానికి మేత పెట్టువారెవరు అని వారి తలంపు. నా బాల్యమున ఆ తలంపు సరియైనదే. నేడు మాత్రము కాదు.

2008వ సంవత్సరము మార్చి నెలలో మన శంషాబాదునందు అంతర్జాతీయ విమానాశ్రయము తెరవబడినది. దాదాపు 5,500 ఎకరముల నేల దాని క్రిందికి వచ్చినది. మెట్టపైరులు పండిన చోట విమానములు దిగుచున్నవి. చుట్టుప్రక్కల గ్రామములలో క్రొత్త మేడలు లేచినవి. ఆ మేడలతో పాటు క్రొత్త పెంపుడు జంతువులును వచ్చినవి. సీమకుక్కలు, రంగురంగుల చిలుకలు వచ్చిన దారినే తాబేళ్లును వచ్చినవి. పట్నమునుండి సెలవులకు వచ్చిన మనుమడు అట్టపెట్టెలో అరచేయంత తాబేటిని దెచ్చి అరుగుమీద పెట్టి, "తాతయ్యా, దీనికేమి పెట్టవలెను?" అని యడుగుట యిప్పుడు వింతగాదు. తాతగారు దయాళువు గనుక పాలన్నమో, అరటిపండో పెట్టుమందురు. ఆ దయయే ఆ ప్రాణికి కీడగుచున్నది. ఎట్లగుచున్నదో, దానికి మారుగా ఏమి చేయవలెనో చెప్పుటయే నా యుద్దేశము.

మొదట తాబేళ్లలోని భేదమును గుర్తింపవలెను. అమరసింహుడు తన కోశమున కూర్మము, కమఠము, కచ్ఛపము అని మూడు పేర్లు చెప్పినాడు గాని, మేత విషయమున మనకు వలసిన భేదము రెండే. చెరువులలోను బావులలోను నుండునది నీటి తాబేలు. దాని డిప్ప చదునుగా నుండును. వ్రేళ్ల నడుమ బాతునకువలె పొర యుండును. అది చేపలు, నత్తలు, పురుగులు, నాచు తినును. రెండవది మెట్టనేలపై దిరుగునది. దాని డిప్ప గోపురమువలె పైకి లేచి యుండును. కాళ్లు ఏనుగు కాళ్లవలె మొద్దుగా నుండును. ఇది గడ్డియు ఆకులును మేయునది. నేను చెప్పబోవు మేత యీ రెండవదానికే. ఇచట నొక హెచ్చరిక. మెట్ట తాబేటికి ఈత రాదు. తాబేలు గదా యని దానిని బావిలోనో, తొట్టిలోనో విడిచినచో మునిగి చచ్చును. ఇట్లు చంపువారు చంపవలెనని చంపరు, తెలియక చంపుదురు.

మెట్ట తాబేళ్లలో మన దేశపుది నక్షత్ర తాబేలు. నల్లని డిప్పమీద ప్రతి పలక నడిమినుండి పసుపు పచ్చని గీతలు నలువైపులకు వెలువడి చుక్కలవలె గానవచ్చును. రాయలసీమ మెట్టలలోను, పొరుగున గల కర్ణాటకమునందును, వాయవ్యమున గుజరాతు, రాజస్థానములందును, సింహళమునందును ఇది జీవించును. దీనిని ఇంటనుంచుకొనుటకు ఎవరికిని హక్కు లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఇది పూర్వము నాలుగవ పట్టికలో నుండెను. 2022లో చేయబడిన సవరణచే మొదటి పట్టికకు చేర్చబడినది; పులియు ఆ పట్టికలోనిదే. ఆ సవరణ 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులో నున్నది. మొదటి పట్టికలోని ప్రాణి విషయమున నేరము చేసినవానికి 3 మొదలు 7 సంవత్సరముల వరకు చెరసాలయు, 25,000 రూపాయలకు తక్కువ గాని జుల్మానాయు విధింపబడును. పిల్లవాడు ముచ్చటపడి తెచ్చినాడను మాట న్యాయస్థానమున నిలువదు.

విదేశపు తాబేళ్ల సంగతి వేరు. వానిలో మన నగరములందు మిక్కిలిగా గానవచ్చునది ఆఫ్రికా ఖండమున సహారా ఎడారి దక్షిణపుటంచున బుట్టినది. దానిని సల్కాటా యందురు. అరచేయంత పిల్లగా కొనితెచ్చిన ఈ ప్రాణి పెరిగి 40, 50 కిలోల బరువునకు రాగలదని అమ్మువాడు చెప్పడు. అంతర్జాతీయ ఒప్పందములకు లోబడిన ఇట్టి విదేశ ప్రాణులను ఉంచుకొన్నవారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెనని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వెలువడినవి. కావున ఇంటికి తాబేలు వచ్చినపుడు ప్రథమ ప్రశ్న "ఏమి పెట్టవలెను?" అని కాదు, "ఇది ఏ జాతిది, మన యింట నుండదగినదా?" అని. మన నక్షత్ర తాబేలే యైనచో అటవీశాఖ వారికి తెలిపి అప్పగింపవలెను. విదేశపుదై, కాగితములు సక్రమముగా నున్నచో, అప్పుడు మేత విచారము.

తాబేటి డిప్ప దానిపై తొడిగిన కవచము కాదు. దాని వెన్నెముకయు ప్రక్కటెముకలును విస్తరించి యొకటిగా అతుకుకొని డిప్ప యైనవి. పైన గోరువంటి పదార్థముతో నైన పలకలు పొదుగబడి యున్నవి. పిల్ల పెరిగినకొలది ప్రతి పలక అంచుననే క్రొత్త పొర చేరును. మొదటి కొలది యేండ్లలో పెరుగుదల వేగముగా నుండును. ఆ కాలమున తిన్న తిండియు, త్రాగిన నీరును, తగిలిన యెండయు డిప్పలో వ్రాతవలె నిలిచిపోవును. మొక్కై వంగనిది మానై వంగునా యందురు గదా. తాబేటి విషయమున దీనిని తిరుగవేసి చెప్పవలెను: పిల్లనాడు వంకరవోయిన డిప్ప పెద్దనాడు చక్కబడదు. తరువాత ఎంత మంచి మేత పెట్టినను క్రొత్తగా బెరుగు భాగము చక్కగా రావచ్చునే గాని, పాత వంకర అట్లే యుండును.

మా పూర్వవిద్యార్థి యొకని యింట నొక సల్కాటా పిల్లను చూచితిని. రెండేండ్లు దానికి రొట్టెయు, అరటిపండును, దోసకాయయు పెట్టి మిక్కిలి గారముగా పెంచినారు. డిప్ప నున్నగా నుండవలసిన చోట ప్రతి పలకయు చిన్న గుట్టవలె లేచి యుండెను. మూతి ముక్కు కొడవలివలె పెరిగి, గడ్డిపరకను కొరుకుటకును వీలుకాకుండెను. ఇంటివారు దానిని అందమనుకొనిరి! నక్షత్ర తాబేటికి అడవియందును పలకలు కొంచెము ఎత్తుగా నుండుట సహజమే గాని, సల్కాటాకు అట్లుండుట ఆరోగ్య లక్షణము కాదు.

ఇక మేతకు వత్తము. మెట్ట తాబేటికి పండ్లు లేవు. గట్టి కొమ్మువంటి ముక్కు గలదు. దానితో త్రుంచి మ్రింగును. మ్రింగిన గడ్డి పెద్దప్రేగునందు సూక్ష్మజీవులచే మెల్లమెల్లగా పులియజేయబడి జీర్ణమగును. ఆవునకు ఈ పని ముందు కడుపులో జరుగును. తాబేటికి వెనుకటి ప్రేగులో జరుగును. ఇదియే భేదము. ఈ సూక్ష్మజీవులకు కావలసినది పీచు. అన్నము, రొట్టె, బెల్లము, తీపిపండ్లు ఎక్కువైనచో అవి త్వరగా పులిసి, మంచి సూక్ష్మజీవులు నశించి, విరేచనములు పట్టుకొనును. కావున గడ్డి దానికి పేదతిండి కాదు. అదియే దాని ముఖ్యాహారము. పైగా గడ్డిని త్రుంచుటచే ముక్కు అరిగి సరియైన కొలతలో నుండును.

గడ్డి యనగానే మనవారికి వరిగడ్డి స్ఫురించును. ఇచటనే పెద్ద పొరపాటు జరుగుచున్నది. వరిగడ్డి గింజ రాల్చిన పిదప మిగిలిన కాడ. దానిలో ఇసుకవంటి సిలికా మిక్కుటము, సత్తువ స్వల్పము, పైగా అందలి ఆక్సాలిక్ ఆమ్లము సున్నపు ధాతువును ఒంటికి పట్టనీయదు. పెద్ద యెద్దు దానిని నమలి నెమరువేసి యేదో సారమును దీయగలదు. తాబేటి పిల్లకు అది పనికిరాదు. మనకు కావలసినది పచ్చిగడ్డిని గింజ పట్టకమునుపే కోసి, నీడగాలికి ఆరబెట్టినది. అది యెండిన తరువాతను లేతపచ్చగా నుండును. చేత నలిపిన కమ్మని వాసన వచ్చును. మన పొలముగట్లమీది గరిక దీనికి శ్రేష్ఠము. వినాయకునికి పూజకైన గరిక తాబేటికి భోజనమగును. జొన్నపైరు లేతదియు, కోసిన మోళ్లనుండి చిగిర్చినదియు పెట్టరాదు. పశువులకు నాము తగులునని మీరెరిగిన విషమే దానిలో నున్నది. లూసర్ను మేతలో మాంసకృత్తు హెచ్చు; పాడియావునకు మంచిదే గాని తాబేటికి నిత్యాహారము కారాదు.

ఎండుగడ్డిని పిల్ల తాబేలు ముట్టదని కొందరు మానివేయుదురు. ముట్టకపోవుట నిజమే. అరచేయంత పిల్ల యొక్క ముక్కు చిన్నది. పొడవాటి యెండు పరకను అది త్రుంచలేదు. అందులకు ఉపాయము సులభము. ఎండుగడ్డిని కత్తెరతో అర అంగుళము తుంపులుగా కత్తిరించి, గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, నీరు పిండి, సన్నగా తరిగిన పచ్చి యాకులలో కలుపవలెను. మొదటి వారమున చిటికెడు, పిదప పిడికెడు. పిల్ల ఆకును కొరుకుచు గడ్డినిగూడ కొరుకును. కొన్ని నెలలలో రుచి మరగి, ఎండుపరకలను తానే వెదకి తినును. వానకాలమున పచ్చిగరిక సమృద్ధి గనుక ఎండుగడ్డి యవసరము తక్కువ. ఫాల్గుణ చైత్రములు వచ్చి గట్లు ఎండినపుడే ముందుగా దాచిన గడ్డి అక్కరకు వచ్చును. కావున భాద్రపద ఆశ్వయుజములలో కోసి ఆరబెట్టుకొనుట తెలివి. బూజు పట్టిన గడ్డిని పారవేయవలెను, పశువునకైనను పెట్టరాదు.

గడ్డి పునాది; ఆకులు గోడలు. సల్కాటాకు అయిదు పాళ్లలో నాలుగు పాళ్లు గడ్డియు ఎండుగడ్డియు నుండవలెను; పిల్లనాడు లేత ఆకుల పాలు కొంత హెచ్చుగా నుండవచ్చును. ఆకులలో ఏదో యొక్కదానినే నిత్యము పెట్టుట తగదు. ప్రతి యాకునందును ఏదో గుణము, ఏదో దోషము గలదు; మార్చి మార్చి పెట్టినచో గుణములు కూడును, దోషములు కూడవు. మన పెరళ్లలో దొరకునవి చెప్పెదను. మునగాకు సున్నపు ధాతువునకు నిధి. మందార ఆకు, మందార పువ్వు, గుమ్మడి ఆకు, గుమ్మడి పువ్వు, సొరతీగ ఆకు, చిలగడదుంప తీగ, గడ్డిచేమంతి, పట్టుపురుగులకు మేపు మల్బరీ ఆకు, ముండ్లు కాల్చి తీసిన నాగజెముడు మట్ట, ఇవన్నియు మంచివి. ద్రాక్ష ఆకును మంచిదే. తోటలో మందు చల్లినది మాత్రము తేరాదు. మూడు నాలుగు రకములు కలిపి, వారమునకొకసారి రకములు మార్చవలెను.

మితముగా పెట్టవలసినవి కొన్ని గలవు. పాలకూర, చుక్కకూర, గోంగూర, గంగవాయిలి వీనిలో ఆక్సాలిక్ ఆమ్లము మెండు. మూత్రములో రాళ్లున్నవారిని పాలకూర మానుమని వైద్యుడేల చెప్పునో, తాబేటికి తగ్గింపవలసిన హేతువును అదియే. క్యాబేజి ఎక్కువైనచో గళగ్రంథికి కీడు. పండ్లు సల్కాటాకు ఎప్పుడో యొక ముక్క చాలును. పాలు, పెరుగు, పప్పు, గ్రుడ్డు, మాంసము, కుక్కల కొరకై అమ్ము తిండి, ఇవి బొత్తిగా కూడవు. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదము విషములు; ఆ మొక్కలున్న చోట దానిని విడువరాదు. రహదారి ప్రక్కను, తోటల పచ్చికలోను కలుపు మందులు చల్లుదురు. బెంగుళూరు రహదారి అంచున పచ్చగా కనబడు గడ్డియంతయు మేతకు తగినదని భ్రమపడరాదు.

మేతతో పాటు మూడు వస్తువులు లేనిదే డిప్ప కట్టుబడదు. మొదటిది సున్నపు ధాతువు. ఆహారమున భాస్వరమునకు రెండింతలు కాల్షియ ముండవలెనని పశువైద్యులు చెప్పుదురు. ఆయుర్వేదమున సముద్రఫేనమనియు, అంగళ్లలో సముద్రపు నురుగు అనియు అమ్మునది దీనికి చక్కని సాధనము. దాని ముక్కను మేత దగ్గర పడవేసినచో తాబేలే కావలసినంత కొరుకుకొనును. గ్రుడ్డు పెంకును కడిగి యెండబెట్టి మెత్తగా నూరి, వారమున రెండు మూడు మారులు చిటికెడు చల్లినను సరియే.

రెండవది ఎండ. ఎండ తగులక తిన్న సున్నము ఎముకకు పట్టదు. ప్రాతఃకాలపు ఎండలో నుంచవలెను. అయితే అచటనే నీడయు నుండవలెను. చిన్న పిల్ల పూర్తి యెండలో కొలది సేపటిలో వేడెక్కి చచ్చును. గాజు కిటికీ గుండా వచ్చు వెలుతురు చాలదు. కావలసిన కిరణములను గాజు అడ్డగించును. చలికాలపు రాత్రులలో మన ప్రాంతమున తాబేటి యొడలు చల్లబడి జీర్ణక్రియ మందగించును గనుక, వెచ్చని చోట నుంచి, పగలు వేడెక్కిన పిదపనే మేత పెట్టవలెను.

మూడవది నీరు. ఎడారి జంతువునకు నీరేల యని పూర్వము పెంపకపువారు పిల్లలను పొడి ఇసుకలో నుంచెడివారు. వియన్నా నగరపు పశువైద్య విద్యాలయమునకు చెందిన వీస్నరు, ఇబెను అను ఇరువురు సల్కాటా పిల్లలపై చేసిన పరిశోధనను 2003లో ప్రకటించిరి. డిప్పపై గుట్టలు లేచుటకు ఆహారమందలి మాంసకృత్తు కంటె చుట్టునున్న గాలి పొడితనమే మిక్కుటముగా కారణమని వారు కనుగొనిరి. ఎడారియందైనను పిల్లలు తేమగల బొరియలలోను, గడ్డిదుబ్బుల మొదళ్లలోను దాగి యుండును గాని, బట్టబయలున నుండవు. కావున దినమునకొక మారు వెడల్పు తాంబాళమున గోరువెచ్చని నీరు పోసి, గడ్డము దాటని లోతున, పావుగంట నుంచవలెను. త్రాగును, ఒడలు తడియును, మలమూత్రములు విడుచును. తరువాత నీరు మార్చి పాత్రను కడిగి, మన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. తాబేళ్ల ఒంటిపై సాల్మొనెల్లా యను సూక్ష్మజీవులుండి పిల్లలకు విరేచన జ్వరములు కలిగింపగలవు.

ఇంత శ్రమ యెందులకు అని మీరడుగవచ్చును. ఇంత శ్రమ పడలేనివారు తాబేటిని కొనవద్దనియే నా సమాధానము. ఇది ముప్పది, నలువది యేండ్లు, అంతకు పైబడియు బ్రతుకు ప్రాణి. బాలుడు అడిగినాడని కొన్నచో, ఆ బాలుడు తండ్రియగునప్పటికిని అది గడ్డి మేయుచునే యుండును.

మరియొక హేతువు గలదు. కొనువాడున్నంత కాలము పట్టువాడుండును. నక్షత్ర తాబేలు ఇంటనున్న సిరి కలుగునను మూఢనమ్మకమున దేశములోను, అందమునకై విదేశములలోను దీనిని కొనుచున్నారు. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము, మన దేశమందలి ఒక్క సేకరణ కేంద్రమునుండియే ఒక్క యేడాదిలో కనీసము 55,000 నక్షత్ర తాబేళ్లు పట్టబడినవి. పట్టువారు పొలములలో కూలిపని చేయు పేదలు. లాభము పొందువారు దూరముననున్న వర్తకులు. కాళ్లు తల కదలకుండ గుడ్డలో చుట్టి, మేత నీరు లేక, పెట్టెలలో కుక్కి విమానములపై దాటించుదురు. 2019లో అంతర్జాతీయ ఒప్పందము నక్షత్ర తాబేటిని అత్యంత రక్షణ గల మొదటి అనుబంధమునకు చేర్చినది. అయినను కాగితముమీది రక్షణ కావలివాడు కాడు. విమానాశ్రయపు వాకిట నివసించు మన గ్రామముల పెద్దలు కన్ను తెరచి యుండుట అవసరము.

దీనికి దైవభక్తి అడ్డుకాదు, తోడ్పడునదే. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మ క్షేత్రమున స్వామి కూర్మరూపుడు. అచటి దేవాలయ ప్రాంగణమున నక్షత్ర తాబేళ్లను ఉంచి పోషించుచున్నారు. మందరగిరిని మోసిన రూపమని మనము మ్రొక్కు ప్రాణికి దాని తిండి దానికి పెట్టుటయే తగిన పూజ. మనకు ప్రియమైనది పెట్టుట పూజ కాదు.

కావున పెద్దలకు నా విన్నపము. మనుమడు తాబేటిని తెచ్చినచో కసరవద్దు. కసరినచో దానిని దాచును, లేదా బావిలో పడవేయును. కాళ్లు చూచి నీటిదో మెట్టదో తెలిసికొనుడు. వీపున చుక్కలున్నచో అటవీశాఖ వారికి కబురంపుడు. వారు వచ్చువరకు నీడలో, గాలి యాడు పెట్టెలో నుంచి, లోతులేని పాత్రలో నీరును, గుప్పెడు గరికయు పెట్టుడు. అంతకంటె నేమియు పెట్టవద్దు. మీరే దగ్గరి గుట్టమీద విడువవద్దు. ఉత్తరపు నక్షత్ర తాబేలు వేరు, దక్షిణపుది వేరు. ఎచటిదో తెలియక విడిచినచో రోగములు వ్యాపించును, జాతులు కలగాపులగమగును. విదేశపు తాబేటిని ఎన్నడును పొలమున విడువరాదు. సక్రమముగా నుంచుకొన్నదైనచో, గట్టుమీది గరికను కోసి ఆరబెట్టుట, మునగాకు దూయుట, తాంబాళమున నీరు పోయుట మనుమనిచేతనే చేయింపుడు. రాజేంద్రనగరున పశువైద్య కళాశాల మనకు దగ్గరనే యున్నది. డిప్ప మెత్తబడినను, మేత మానినను, ముక్కునుండి నీరు కారినను వైద్యులకు చూపుడు.

పశువులను మేపి యెరిగిన చేతులు మీవి. మీ మాట మనుమడు వినును. ఇంతటితో ముగించుచున్నాను. సెలవు.